రెండో చిల్లు

మాచర్ల,
9 జూన్ 2025

సుభానీ అన్నయ్యకు,

అపర్ణ నమస్కారాలు. అబిదా వదిన కులాసాగా ఉందని తలుస్తాను. మీతో ఫోనులో మాట్లాడే వీలు లేదు. ఇది మెసేజిలో రాసే సంగతీ కాదు. అందుకని చానా ఏళ్ళ తర్వాత కాగితం పట్టుకున్నాను. పక్కింటి దానయ్య బాబాయి బండి తెస్తున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి కాబట్టి జాగ్రత్తగానే తెస్తాడు.

మీ స్నేహితుడు పోయిన దగ్గర నుంచి బండి పెరట్లో రేకుల కిందే ఉంది. నాలుగు నెలలు. బ్యాటరీ దిగిపోతే బాబాయే వేరే బ్యాటరీ తగిలించి స్టార్టు చేశాడు. ఇంజను గుర్తు లైటు వెలుగుతోంది. డాష్‌బోర్డు పెట్టె నేనింకా తెరవలేదు. ఆయన కళ్ళజోడు అందులో ఉంది. మీకు తెరవాల్సిన పని పడితే తెరవండి.

అన్నా, ఆ రోజు ఏం జరిగిందో మీకు వాళ్ళూ వీళ్ళూ చెప్పి ఉంటారు. నేను చెప్పలేదు. దినం నాడు మీరు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. మీకు గొంతు లేదు, నాకు మాట రాలేదు. ఇప్పుడు చెప్తాను. ఫిబ్రవరి పదహారు మధ్యాహ్నం భోంచేసి లేస్తూ గుండెల్లో నొప్పన్నారు. ఇక్కడి డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా నరసరావుపేట తీసుకుపొమ్మన్నాడు. బండి నేనే తీశాను. వెనక సీట్లో అత్తయ్య ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గురజాల దాటిన పది నిమిషాలకు బండి గుంజటం మానేసింది. యాక్సిలేటరు తొక్కుతుంటే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పాను, తిప్పుతూనే ఉన్నాను. ముప్పై అయిదు నిమిషాల తర్వాత మిర్చి బస్తాల వ్యాను ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. పిడుగురాళ్ల రాకముందే ఆయన చెయ్యి చల్లబడింది. పేటలో పెద్ద డాక్టరు, "ఓ అరగంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళమమ్మా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట మాత్రం రోజూ అన్నంలో కలిసి నోట్లోకి వస్తోంది.

అత్తయ్య సంగతి మీకు తెలుసుగా. మనసులో ఏదీ ఉంచుకోదు. "నడపటం సరిగ్గా రానిదానివి ఎందుకెక్కావే? దానయ్యను పిలిస్తే పోయేది గదా" అంటుంది. ఆ రోజు బాబాయి ఈపూరులో కూతురింట్లో ఉన్నాడని ఆమెకూ తెలుసు. అయినా అంటుంది. నేను ఎదురు చెప్పను, ఎందుకంటే నాకూ తెలియదు.

ఒక్కటి అడుగుతాను. బండి నా చేతకానితనం వల్ల ఆగిందా, దానంతట అది ఆగిందా? క్లచ్ తప్పు తొక్కానా? గేరు తప్పు వేశానా? బండి బాగుకాకపోయినా పర్లేదు. ఇది చూసి చెప్పండి. ఎలా ఉంటే అలా చెప్పండి.

అపర్ణ


నరసరావుపేట,
14 జూన్ 2025

చెల్లెమ్మ అపర్ణకు,

సుభానీ సలాములు. గొంతు తీసేసినాక నీ రాత బాగుపడిందిరా అని శ్రీహరి ఎగతాళి చేసేవాడు. కాబట్టి తప్పులుంటే వాడిదే పూచీ.

ముందు నువ్వడిగినదానికి జవాబు. నీ చెయ్యీ నీ కాలూ ఏ తప్పూ చేయలేదు. అన్నం మీద ఒట్టు. ఆ చోట దానయ్య ఉన్నా ఆగేది, నేనున్నా ఆగేది. ఇది పెద్దమ్మకు కూడా చదివి వినిపించు.

ఇప్పుడు ఎందుకు ఆగిందో చెప్తాను. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెట్టి వంచితే ఏమవుతుంది? నాలుగు చుక్కలు కారి ఆగిపోతుంది. అందుకే రెండో చిల్లు పెడతారు, గాలి పోవటానికి. పెట్రోలు ట్యాంకుకు కూడా అలాంటి రెండో చిల్లు ఉంటుంది. పాత బండ్లకు అది ఉత్త చిల్లే. ఇప్పటి బండ్లలో పెట్రోలు ఆవిరి ఊళ్ళోకి పోకూడదని దానికి ఒక బొగ్గు డబ్బా తగిలించారు. ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. డబ్బా వెనక ఒక చిన్న వాల్వు. బయటి గాలి లోపలికి వచ్చే తలుపు అదే. వెంట్ వాల్వు అంటారు. అది మూసుకుని ఉండిపోతే ఇంజను పెట్రోలు తాగేకొద్దీ ట్యాంకులో గాలి చాలక, కొంత దూరం పోయాక ఇంజనుకు పెట్రోలు అందదు.

స్కానరు పెడితే ఆ వాల్వు పేరే చెప్పింది. స్కానరు మాట సగమే నమ్మాలి కాబట్టి విప్పి చూశాను. కరెంటు ఇవ్వనప్పుడు అది తెరుచుకుని ఉండాలి. ఊదితే గాలి అటు పోవాలి. వెనకటికి నేనే నోటితో ఊది చూసేవాణ్ణి. ఇప్పుడు నా గాలంతా మెడకు పెట్టిన చిల్లులోంచే. నోట్లో ఊపిరి లేదు. అబిదాను పిలిచి ఊదమన్నాను. బుగ్గలు ఉబ్బించి కళ్ళు తేలేసింది గానీ చుక్క గాలి పోలేదు. "మొగుడివి గదా అని ఊదుతున్నా, ఇంకోడైతే ఈ పైపుతోనే కొట్టేదాన్ని" అంది.

కారణాలు రెండు. ఒకటి, గాలి పైపు మూతిలో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది. వేలు పెడితే అది పిల్లల కోసం దాచిన ఎండు సాలీళ్ళు రాలాయి. రెండోది మనవాడి అలవాటు. బంకులో గన్ను దానంతట అది టక్కున ఆగినాక కూడా "రౌండ్ చెయ్, ఇంకొంచెం పట్టుద్ది" అని మెడదాకా పోయించేవాడు. ఆ ఎక్కువైన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి పోతుంది. బొగ్గు చెదిరి పొడై వాల్వులో ఇరుక్కుంటుంది. ఎన్నోసార్లు తిట్టాను. వినలేదు.

కొత్త వాల్వు వేశాను. డబ్బాను గాలి కొట్టి శుభ్రం చేశాను, పైపు కడిగాను. నలభై కిలోమీటర్లు తిప్పి చూశాను. ఇక భయం లేదు.

కళ్ళజోడు తుడిచి, ఉన్నచోటే పెట్టాను.

నీ అన్న,
సుభానీ


మాచర్ల,
22 జూన్ 2025

సుభానీ అన్నా,

బండి చేరింది. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి అత్తయ్యకు వినిపించాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతోంది. మొత్తం వింది. కాసేపటికి లేచి రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి నా ముందు పెట్టింది. నాలుగు నెలల్లో ఆమె చేతి టీ తాగటం అదే మొదటిసారి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తాగాం. అన్నా, మీరు నాకేం చేశారో మీకు తెలియదు.

ఆ రాత్రి నిద్రపట్టింది.

మీరు రాసిన రెండో చిల్లు చదివి నా మీద నాకే జాలేసింది. నేను బడిలో సైన్సు చెప్తాను. నీళ్ళ గ్లాసు మీద అట్టముక్క పెట్టి బోర్లించి, గాలి బలం ఎంతో చూడండర్రా అని ఏటేటా ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిస్తాను. అదే గాలి నా బండిని ఆపిందని నాకు తట్టలేదు. చదువు బడి గేటు దగ్గరే దిగిపోతుంది కాబోలు.

డాష్‌బోర్డు పెట్టె తెరిచాను. కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాను. అంతా మసకగా కనిపించింది. మళ్ళీ అక్కడే పెట్టాను.

ఇంకొక్కటే అడిగి ఆపేస్తాను. ఆ ముప్పై అయిదు నిమిషాలు నేను తాళం తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడు ఆ రోడ్డు మీద చేయగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవాడు ఎవడైనా ఉంటే బండి కదిలేదా? లేదంటే లేదనే రాయండి. ఉందంటే కూడా రాయండి, తట్టుకుంటాను.

అపర్ణ


నరసరావుపేట,
1 జూలై 2025

చెల్లెమ్మా,

లేదు. అది షెడ్డులో విప్పితే తప్ప బాగయ్యే రోగం కాదు. రోడ్డు మీద ఎంత మొనగాడైనా ఏం చేయలేడు. ఇక ఆ సంగతి ఆలోచించొద్దు.

నిన్న పాత సామాను సర్దుతుంటే మా పదో తరగతి ఫొటో దొరికింది. శ్రీహరి నా భుజం మీద చెయ్యేసుకుని ఉన్నాడు. తొమ్మిదిలో ఒకసారి లెక్కల మాస్టారు నన్ను ఎండలో నిలబెట్టాడు. వాడికి ఆ లెక్క వచ్చు. కావాలని తప్పు చేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఒక్కడివే నిలబడితే ఏం బాగుంటది లేరా" అన్నాడు. అలాంటివాడికి నేనేం చేయగలిగానని ఈ మధ్య తరచూ అనుకుంటున్నాను.

షెడ్డులో పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

సుభానీ


మాచర్ల,
17 ఆగస్టు 2025

అన్నా,

మీ నుంచి కబురు లేదు. ఒంట్లో బాగుందా? మెడ దగ్గర గుడ్డ రోజూ మారుస్తున్నారా? వదినను అడిగానని చెప్పండి.

నేను బండి నడుపుతున్నాను. మొదట బడిదాకా, తర్వాత సాగర్ రోడ్డులో కొంచెం దూరం. మీ ఉత్తరం రాకముందు తాళంచెవి ముట్టుకునేదాన్ని కాదు. ఇప్పుడు అత్తయ్య కూడా ఎక్కుతోంది. వెనకే కూర్చుంటుంది, ముందు సీట్లోకి రమ్మంటే రాదు. మొన్న సంతకు పోయి వస్తుంటే, "బానే తోలుతున్నావే" అంది. ఆయన ఉంటే ఆ మాటకు బజారంతా మిఠాయి పంచేవారు.

చిన్న సంగతి ఒకటి. బంకులో పెట్రోలు పోస్తుంటే గన్ను మాటిమాటికీ ఆగిపోతోంది. నేను రౌండ్ చేయమనటం లేదు, ఒట్టు. సగం ట్యాంకుకే టక్కుమంటోంది. నిన్న ఇంజను లైటు కూడా వచ్చింది. వచ్చే నెల మొదట్లో అత్తయ్యను పేటలో కంటి డాక్టరుకు చూపించాలి. అప్పుడు బండి మీ దగ్గరకు తెస్తాను. అందాకా ఏమైనా జాగ్రత్త ఉంటే రాయండి.

అపర్ణ


నరసరావుపేట,
23 ఆగస్టు 2025

చెల్లెమ్మా,

బండి కదిలించొద్దు. బొగ్గు డబ్బాలో మిగిలిన పొడి కొత్త వాల్వులోకి కూడా పోయినట్లుంది. ఈసారి డబ్బానే మార్చాలి. బెజవాడకు కబురు పెట్టాను, ఇంకా రాలేదు. రాగానే నేనే సామాను తీసుకుని మాచర్ల వస్తాను. అప్పటిదాకా ఇంట్లోనే ఉంచు. పెద్దమ్మను బస్సులో తీసుకురా.

సుభానీ


మాచర్ల,
6 సెప్టెంబరు 2025

మెకానిక్ సుభానీ గారికి,

మీ ఉత్తరం అందింది. మెడకు చిల్లు పెట్టుకున్న మనిషి ఆ డబ్బా మోసుకుని బస్సులో ఇంత దూరం రావటమెందుకు, మేమే నిదానంగా తీసుకుపోదాం అనుకున్నాను. నిన్న ఉదయం అత్తయ్యను ఎక్కించుకుని బయల్దేరాను.

గురజాల దాటాక ఆగిపోయింది. అదే దగ్గు. ఆ చోటికీ ఫిబ్రవరిలో ఆగిన చోటికీ ఒక ఫర్లాంగు తేడా ఉంటుందేమో. తిరిగి చూస్తే అత్తయ్య ఒళ్ళో చెయ్యి పెట్టుకుని నిమురుతోంది. ఒళ్ళో ఏమీ లేదు.

నేను దిగి రోడ్డు మీద నిలబడ్డాను. పత్తి చేలకు మందు తీసుకుపోయే ట్రాక్టరు ఒకటి ఆగింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన. తలగుడ్డ, కాళ్ళకు చెప్పులు లేవు. అడిగాడు, చెప్పాను. "పెట్రోలు మూత తిప్పి చూశావా తల్లీ?" అన్నాడు. ఎందుకన్నాను. ఆయనే తిప్పాడు. బుస్సుమని శబ్దం వచ్చింది, పాము పడగెత్తినట్లు. "ఇదేంది, గాలి ఆడటంలా. మా ట్రాక్టరుకీ ఇదే రోగం. రెండు నిమిషాలు ఆగి తాళం తిప్పు" అన్నాడు. తిప్పాను. స్టార్టయింది.

రెండు నిమిషాలు. నేను గడియారం చూశాను.

ఎంత మొనగాడైనా ఏం చేయలేడని రాశారు మీరు. ఆ పెద్దాయనకు స్కానరు లేదు, షెడ్డు లేదు. చేత్తో మూత తిప్పాడు. నలభై ఏళ్ళుగా బండ్లు విప్పుతున్న మీకు ఇది తెలియదంటే నేను నమ్మను.

ఇంటికి వచ్చాక మీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. కుమ్మరి పురుగు గూడు కట్టిందన్నారు. ఆ పురుగు తిరిగే బండికి గూడు కట్టదు. నాలుగు నెలలు కదలకుండా ఉన్న బండికి కట్టింది, మా పెరట్లో, ఆయన పోయిన తర్వాత. ఫిబ్రవరిలో ఆ పైపులో గూడు లేదు. సైన్సు టీచరునైనా అప్పుడు తట్టలేదు, ఎందుకంటే మీ మాట నమ్మాలనిపించింది. తప్పును ఒక పురుగు మీదకు, ఒక చనిపోయిన మనిషి మీదకు తోశారు. పురుగుకూ చనిపోయినవాళ్ళకూ జవాబు చెప్పే నోరు ఉండదు. అది మీకు అందరికంటే బాగా తెలియాలి.

మీ షెడ్డుకు రావాలనిపించలేదు. బండి వెనక్కి తిప్పి ఇంటికి వచ్చేశాను. అత్తయ్య దారంతా ఒకటే మాట అంది. "మూతంటనే. మూత."

మీకేం తెలుసో రాయండి. ఎప్పటి నుంచి తెలుసో రాయండి.

అపర్ణ


నరసరావుపేట,
15 సెప్టెంబరు 2025

అపర్ణమ్మకు,

ఇది నాలుగుసార్లు రాసి చింపాను. చెల్లెమ్మా అని రాయటానికి చెయ్యి రాలేదు.

నువ్వు ఫిబ్రవరి పదమూడున బండి తీసుకుని నా షెడ్డుకు వచ్చావు. ఇంజను లైటు వస్తోంది చూడమని శ్రీహరి పంపించాడు. అంత దూరం ఒక్కదానివే నడుపుకుంటూ రావటం అదే మొదటిసారి. దిగేటప్పుడు నీ ముఖం చూసి నాకు ముచ్చటేసింది. నువ్వు బజారు పనికి పోయావు. నేను పెట్రోలు మూత తిప్పాను. బుస్సుమంది. అప్పుడే తెలిసింది. వాల్వు మూసుకుపోయింది, మూతలో ఉండే సన్నని గాలి దారి కూడా దుమ్ముతో పూడిపోయింది. వాల్వు నా దగ్గర లేదు. బెజవాడ నుంచి వచ్చే గురువారం వస్తుందన్నారు. లైటు వెలుగుతుంటే నువ్వు భయపడతావని స్కానరుతో తుడిచేశాను.

సాయంత్రం నువ్వు వచ్చావు. చీకటి పడితే నడపలేనని తొందరలో ఉన్నావు. నేను మూత చూపించాను, చేత్తో తిప్పి చూపించాను, రెండు వేళ్ళు చూపించాను. నువ్వు "సరే అన్నా, సరే" అని తల ఊపావు.

నీకు అర్థం కాలేదని నాకు తెలుసు. అర్థమైనవాళ్ళు అంత తొందరగా తల ఊపరు. గొంతు పోయిన ఈ రెండేళ్ళలో ఎంతమంది అలా ఊపారో లెక్క లేదు. పాల అతను ఊపుతాడు, మసీదు దగ్గర దోస్తులు ఊపుతారు, నా సొంత అన్న ఊపుతాడు. గోడకు పలక వేలాడుతూనే ఉంది. రెండడుగులు వేసి రాసి చూపిస్తే సరిపోయేది. వేయలేదు. విసుగొచ్చింది. ప్రతివాడికీ మళ్ళీ మళ్ళీ చెప్పి, మెడలో ఈల వేసుకుంటూ, వాళ్ళు చూపు పక్కకు తిప్పుకుంటుంటే చూసి చూసి విసుగొచ్చింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు.

చీటీ రాసి డాష్‌బోర్డు పెట్టెలో వాడి కళ్ళజోడు కింద పెట్టాను. నాకు గొంతు పోయినప్పటి నుంచి వాడికీ నాకూ అదే పద్ధతి. బండి ఇంటికి పోగానే వాడు పెట్టె తెరిచి నా చీటీ చదువుకుని నవ్వుకునేవాడు. ఇదీ చూస్తాడులే అనుకున్నాను. ఆ మూడు రోజులూ వాడు బండి ఎక్కలేదు, మిర్చి బేరాల్లో ఉన్నాడు. ఎక్కిన రోజు వెనక సీట్లో పడుకుని ఎక్కాడు.

జూన్‌లో నువ్వు పంపిన బండిలో ఆ పెట్టె తెరిచాను. చీటీ కళ్ళజోడు కిందే ఉంది. నేను పెట్టిన మడత మడతగానే ఉంది. షెడ్డు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడిస్తే నాకు శబ్దం రాదు, మెడలోంచి గాలి మాత్రం వస్తుంది. అబిదా అది విని వచ్చింది. దానికి చెప్పాను. "చెల్లెమ్మకు ఇచ్చెయ్" అంది. ఇవ్వలేదు. ముప్పై అయిదు నిమిషాలూ ఆ చీటీ నీ మోకాలికి జానెడు దూరంలో ఉందని నీకెలా చెప్పను? నీ బాధ తగ్గించాలనే దాచానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవటం లేదు. నా కోసం దాచుకున్నాను.

ఒక అబద్ధం ఆడినవాడు పని కూడా సరిగ్గా చేయలేడు. ఆ మూత మార్చాలని జూన్‌లోనే తెలుసు. కొత్త మూత చూసి ఎందుకు మార్చావని నువ్వడుగుతావేమోనని పాతదే ఉంచాను. ఆగస్టులో నువ్వు జాగ్రత్త అడిగినప్పుడు, బండి ఆగితే మూత తిప్పు అని రాయబోయి ఆగాను. ఆ ఒక్క ముక్క రాస్తే జూలైలో రాసింది అబద్ధమని తేలిపోతుంది. నా పరువు కోసం నిన్నూ పెద్దమ్మనూ తీసుకెళ్ళి మళ్ళీ అదే రోడ్డు మీద నిలబెట్టాను. మొదటిది విసుగుతో చేశాను. రెండోది తెలిసి చేశాను.

బండి ఆగకుండా ఉంటే వాడు బతికేవాడా అంటే నాకు తెలియదు. డాక్టరు ప్రయత్నం చేసేవాళ్ళమన్నాడు. ఆ ప్రయత్నం నా వల్ల పోయింది.

చీటీ ఇందులో పెడుతున్నాను. అది నీది.

సుభానీ

(జతగా, వాల్వు డబ్బా అట్ట చింపి రాసిన ముక్క:)

శ్రీహరీ, ట్యాంకుకు గాలి ఆడటం లేదు. వెంట్ వాల్వు మార్చాలి, గురువారం వస్తుంది. అందాకా దూరం పోవద్దు. బండి ఆగితే కంగారు పడకు. పెట్రోలు మూత తిప్పు, బుస్సుమంటుంది. రెండు నిమిషాలు ఆగి స్టార్టు చెయ్. ఇది చెల్లెమ్మకు కూడా చూపించు, నేను చేత్తో చెప్పింది తనకు ఎక్కలేదు. మళ్ళీ రౌండ్ చేయించావో, వచ్చి తంతా. సుభానీ.


మాచర్ల,
19 అక్టోబరు 2025

సుభానీ అన్నా,

నెల దాటింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు చీటీ అత్తయ్యకు చదివాను. తంతా అన్న దగ్గర ఆమె నవ్వింది. మీరిద్దరూ మా మిద్దె మీద కొట్టుకున్న రోజులు గుర్తొచ్చాయేమో. తర్వాత ఏడ్చింది. "ముగ్గురం ఉన్నాం గదే బండిలో. ఒక్కళ్ళకన్నా తెలవకపోయె. మూత తిప్పటానికి బలం కూడా అక్కర్లేదంటనే" అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళం ఏడ్చాం. ఆ రోజు కలిసి ఏడ్చాం.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. రాస్తే అది మీరు జూలైలో రాసినటువంటి ఉత్తరం అవుతుంది. కొన్ని రోజులు మీ మీద కోపం ఎంత ఉండేదంటే, బడిలో పిల్లలు నన్ను చూసి భయపడ్డారు. ఇప్పటికీ ఉంది.

కానీ నేను దాచిందీ ఒకటి ఉంది. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మీరు మూత దగ్గర చేత్తో ఏదో చెప్తున్నారు. నాకు అర్థం కాలేదు. చీకటి పడుతుందన్న తొందర ఒకటి. అసలు సంగతి అది కాదు. మీ మెడ దగ్గర గుడ్డ ఊపిరికి కదులుతుంటే చూడలేకపోయాను. అక్కడి నుంచి తొందరగా బయటపడాలని తల ఊపాను. మొదటి ఉత్తరంలోనే ఇది రాసి ఉండాల్సింది. క్లచ్ గురించి అడిగాను, గేరు గురించి అడిగాను, ఇది మాత్రం అడగలేదు. ఎందుకంటే దీనికి జవాబు నాకు తెలుసు.

ఆయన ఉంటే మన ఇద్దరినీ ఎండలో నిలబెట్టి, తానూ వచ్చి పక్కన నిలబడేవారు.

చీటీని పారేయలేదు. పెట్రోలు మూత మీద చిన్న తలుపు ఉంటుంది కదా, దాని లోపలి వైపు అంటించాను. తెరిచినవాళ్ళందరికీ కనిపిస్తుంది. బంకులో అమ్మాయి తంతా అన్న దగ్గర చదివి నవ్వింది, రౌండ్ చేయనా అని మాత్రం అడగలేదు.

బుధవారం ఉదయం బండి తెస్తున్నాం. బొగ్గు డబ్బా, వాల్వు, మూత, అన్నీ మార్చండి. నేను షెడ్డులోనే ఉంటాను. మీరు చేత్తో ఏం చెప్పినా చివరిదాకా చూస్తాను. అర్థం కాకపోతే కాలేదంటాను. మీరూ విసుక్కోకండి, పలక దగ్గర పెట్టుకోండి.

బాబాయి నడుపుతానన్నాడు. వద్దన్నాను, నేనే నడుపుతాను. గురజాల దాటాక బండి ఆగకముందే మేమే ఆపుతాం. ఆ మూత తాను తిప్పుతానంది అత్తయ్య. వారం రోజులుగా పొద్దున్నే పెరట్లోకి వచ్చి, ఎటు తిప్పాలే అని నన్నడిగి, తిప్పి, బుస్సుమనేది వినటానికి చెవి దగ్గరగా పెట్టి నిలబడుతోంది. నిలబడ్డ బండిలో ఆ శబ్దం రాదత్తయ్యా అంటే వినదు.

అపర్ణ